బెంగళూరులో పనిమనిషి కుదరడానికి నాకు పట్టిన 79 రోజులు, ఆ తర్వాత

2025 మే 24, శనివారం రాత్రి బెంగళూరులో దిగాం. నేను, తొమ్మిదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప, ఎనిమిది సూట్‌కేసులు. మా ఆయనకి నోటీసు పీరియడ్ పూర్తికాలేదు, ఆగస్టు దాకా సింగపూర్‌లోనే ఉండాలి. ఎనిమిదేళ్ళ కాపురం ఎత్తుకొస్తున్నాం కదా, నేను పెద్ద లిస్టు రాసుకొచ్చాను. స్కూలు, గ్యాస్, నెట్, పాపకి టీకాల కార్డు ఇట్లా. పనిమనిషి ఆ లిస్టులో 14వ నంబరు. బెంగళూరులో మనుషులకి కొదవేముంది, రెండు రోజుల పని అనుకున్నా.

ముందు ఒక మాట చెప్పాలి, లేకపోతే తర్వాత నేను చేసిన తప్పులు అర్థం కావు. సింగపూర్‌లో మా ఇంట్లో అయిదేళ్ళు ఒక ఇండోనేషియా అమ్మాయి ఉండేది. పిల్లలు ఆమెని కకా అని పిలిచేవాళ్ళు, వాళ్ళ భాషలో అక్క అని. అక్కడ మనిషిని పెట్టుకోవడమంటే చీటికీమాటికీ గవర్నమెంటుతో పని. మొదటిసారి పెట్టుకునేవాళ్ళు ముందు ఒక క్లాసుకి కూర్చోవాలి. 5,000 డాలర్ల పూచీ కట్టాలి, ఆమెకి ఇన్సూరెన్సు తీయాలి, ఆరు నెలలకోసారి డాక్టరుకి చూపించాలి, జీతం కాక నెలకి 300 డాలర్లు ప్రభుత్వానికి లెవీ. ఆ లెవీ 60కి తగ్గిస్తారు గానీ అది వాళ్ళ పౌరుల పిల్లలున్న ఇళ్ళకి, మాకు కాదు. ఆమెకి 750, లెవీ 300, మన డబ్బుల్లో నెలకి 70 వేల దాకా. వారానికో సెలవు, అందులో నెలకి ఒక్కటైనా డబ్బిచ్చి మాన్పించడానికి వీల్లేదని 2023 నుంచి రూలు పెట్టారు. బయటివైపు కిటికీ అద్దాలు తుడవాలంటే గ్రిల్ తాళం వేసుండాలి, మనం పక్కనుండాలి. ఆమె వర్క్ పర్మిట్‌లో రాసిన ఇంట్లో తప్ప ఇంకెక్కడా పని చేయించకూడదు, మా ఫ్రెండ్ ఇంటికి గంట సేపు పంపినా తప్పే.

ఇన్నిట్లో ఎప్పుడూ గొడవ రాలేదు. ఆమె మానేస్తానని అనలేదు, నేను పొమ్మనలేదు. కాబట్టి మనుషుల్ని పెట్టుకోవడం నాకు బాగా తెలుసని గట్టి నమ్మకంతో దిగాను.

మాది సర్జాపూర్ రోడ్డు నుంచి లోపలికి కసవనహళ్ళి వైపు. మే 27 పొద్దున ఆరున్నరకి గేటు దగ్గరికి వెళ్ళాను, సెక్యూరిటీ అతను చెప్పాడు ఆ టైముకైతే అందరూ వస్తారని. నిజమే, ఇరవై ముప్ఫై మంది ఆడవాళ్ళు లైన్లో నిలబడి ఒక్కొక్కరే నంబరు నొక్కి లోపలికి పోతున్నారు. ఎవర్ని అడిగినా ఆగరు. "టైమ్ ఇల్లమ్మా, ఖాళీ ఇల్ల." టైమ్ లేదు, ఖాళీ లేదు అని. నాలుగో రోజుకి ఒకావిడ ఆగింది. రాయచూరు వైపావిడ. ఆ జిల్లా వాళ్ళలో చాలామందికి తెలుగు వచ్చు, కన్నడం కలిపి మాట్లాడతారు. నేను ప్రశ్నలు రాసిపెట్టుకున్న కాగితం చేతిలో ఉంది, ఒక్కటి అడగనిస్తే కదా. ఆవిడే మొదలుపెట్టింది. ఎన్ని బెడ్‌రూములు, బాత్రూములెన్ని, ముసలివాళ్ళున్నారా, చుట్టాలెక్కువ వస్తారా, మాంసం వండుతారా, మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు, నీళ్ళు పైన ట్యాంకు నుంచేనా ట్యాంకరా. నేను ఒక్కోదానికి స్కూలు పిల్లలా జవాబు చెప్తున్నా. అంట్లకి 2,500, ఊడ్చి తుడవడానికి 3,000, బాత్రూములు కడగాలంటే విడిగా. బట్టలు మడతపెట్టడం తన పని కాదు. రోజుకి గంటంబావు. ఆదివారం రాదు. జూన్ 2 నుంచి వస్తానంది, వచ్చింది.

గంటంబావు పని మనిషితో నా అవసరం తీరదు. జులై 1న నా ఉద్యోగం మొదలు, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు, వారానికి మూడు రోజులు వెళ్ళాలి. పాప మధ్యాహ్నం పన్నెండున్నరకే స్కూలు నుంచి వచ్చేస్తుంది. ఇంట్లోనే ఉండే మనిషి కావాలి. ఒక ఏజెన్సీ నంబరు దొరికింది. పేరు అడగొద్దు, రాయను. జూన్ 9న వాళ్ళకి 38,000 కట్టాను. పదకొండు నెలల ఒప్పందం, మధ్యలో మనిషి వెళ్ళిపోతే రెండుసార్లు వేరే మనిషిని ఇస్తారు. కాగితం నీట్‌గా ఉంది, స్టాంపు కూడా ఉంది, దాంతో నాకు సింగపూర్ కాగితాలు చూసినంత ధైర్యం వచ్చేసింది. ఆ కాగితంలో లేని సంగతి ఒక్కటే: డబ్బు తిరిగి ఇస్తామని ఎక్కడా లేదు. అది నేను జులైలో చూశాను.

జూన్ 14న అస్సాం అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్ళన్నారు. ఆధార్ జిరాక్సు మీద ఫోటో నల్లటి మరకలా ఉంది, నేను పట్టించుకోలేదు, ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. జీతం 24,000. హిందీ కొంచెం వచ్చు, నాకు కూడా కొంచెమే. మా ఫ్లాట్‌లో అంట్లు, బట్టలు ఉతికే యుటిలిటీ పక్కన సర్వెంటు రూము అని ఒకటుంది, ఒక చాప పరిస్తే ఇంకో అడుగు పెట్టే చోటు ఉండదు, గోడకి పైన చిన్న జాలీ, అంతే. చూసి అయ్యో అనిపించలేదు నాకు. ఎందుకంటే సింగపూర్‌లో కకా పడుకున్నది ఇంట్లో ఉండే బాంబు షెల్టర్‌లో. అక్కడి ఫ్లాట్లలో అలాంటి మందపాటి ఇనుప తలుపు గది ఒకటి కట్టి ఇస్తారు, చాలా ఇళ్ళలో పనివాళ్ళు పడుకునేది అందులోనే. దాంతో పోలిస్తే ఇది నయం అనుకున్నా.

ఫ్రిజ్ మీద టైమ్ టేబుల్ అంటించాను. పొద్దున 6 నుంచి రాత్రి 9:30. హిందీలో రాయడానికి మా బాబు సాయం చేశాడు. పని వేళల్లో ఫోన్ నా దగ్గర పెట్టమన్నాను, సింగపూర్‌లో మా పక్కింటివాళ్ళు అలాగే చేసేవాళ్ళు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. పని కూడా బాగానే చేసింది. పన్నెండో రోజు, జూన్ 26 సాయంత్రం గదిలోకి వెళ్ళి గడియ వేసుకుని ఏడుపు. తలుపు కొట్టినా తీయదు. ఏజెంటుకి ఫోన్ చేస్తే రాత్రి తొమ్మిదిన్నరకి ఆటో తీసుకుని వచ్చాడు. రోజుల లెక్కన 9,600 ఇచ్చాను. ఆ అమ్మాయి బ్యాగు సర్దుకోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, అసలు విప్పనే లేదేమో.

ఆ రాత్రి పాపని పడుకోబెడుతుంటే అడిగింది, అక్క ఎందుకేడ్చింది అని. ఇంటి మీద బెంగ అన్నాను. "కకా కూడా ఏడ్చేది, నువ్వు కాల్‌లో ఉన్నప్పుడు" అంది. ఎప్పుడు అంటే చెప్పలేదు, నిద్రలోకి జారుకుంది. దాని మాటలు ఎంతవరకు నమ్మాలో తెలీదు, నాలుగేళ్ళది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయిదేళ్ళలో ఒక్క గొడవ రాలేదంటే నా మంచితనం అనుకున్నానే, అది పర్మిట్ వల్లేనేమో. ఆమె వెళ్ళిపోవాలనుకున్నా పర్మిట్ రద్దు కావాలి, ఏజెన్సీకి పడ్డ అప్పు తీరాలి, ఇంకో ఇల్లు దొరకాలి లేదా విమానం ఎక్కాలి. ఇక్కడ ఎవరికీ ఏ పర్మిట్టూ లేదు, నచ్చకపోతే చెప్పులేసుకుని వెళ్ళిపోతారు. మర్నాడు ఫ్రిజ్ మీద కాగితం తీసేశాను. ఏదో జ్ఞానోదయం అయిపోయిందని కాదు, దాన్ని చూస్తే సిగ్గనిపించింది, అంతే.

రెండో మనిషి జులై 3న వచ్చింది, 5న వెళ్ళింది. ఫ్లాట్ ఆరో అంతస్తు కదా, ఆవిడకి లిఫ్ట్ భయం, అది ఏజెన్సీ వాళ్ళకి ముందే తెలుసట. మూడో మనిషి "రైల్లో ఉంది" అని పదిరోజులు చెప్పారు. ఏ రైలో మరి. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. 38,000 పోయింది.

ఈ మధ్యలో జులై 12న అత్తయ్య తెనాలి నుంచి వచ్చారు. మోకాలి ఆపరేషన్ అయి నాలుగు నెలలు, కింద కూర్చోలేరు, కానీ నోటితో ఇల్లంతా నడిపిస్తారు. నిజానికి ఆవిడ రాకపోతే నేను ఆఫీసుకి వెళ్ళలేకపోయేదాన్ని. మధ్యాహ్నం పాపని స్కూలు బస్సు దగ్గర దింపుకోవడానికి కింది ఫ్లోర్ తమిళావిడ సాయం చేసేవారు, అన్నం పెట్టడం అత్తయ్య. రాత్రి నేను వచ్చాక అంట్లు, వంట, హోంవర్కు. సగం రోజులు బయటి తిండే. జులై ఒక్క నెలలో తిండి ఆర్డర్లకి 13,400 అయింది, మా ఆయన సింగపూర్ నుంచి ఆ బిల్లు చూసి ఒక ప్రశ్నార్థకం పంపాడు, ఒట్టి ప్రశ్నార్థకం, ఇంకేమీ రాయలేదు. దానికి నేను ఇచ్చిన జవాబు ఇక్కడ రాయను.

జులై 26న రాయచూరు ఆవిడ రాలేదు. ఫోన్ స్విచాఫ్. సోమవారం గేటు దగ్గర ఇంకో ఆమె చెప్పింది, "పంచమి హబ్బక్కె ఊరిగె హోగిద్దాళె," పంచమి పండక్కి ఊరెళ్ళిందని. నాకు తెలీదు, ఉత్తర కర్ణాటక వాళ్ళకి నాగరపంచమి అంటే మన సంక్రాంతి లాంటిది, ఆడపిల్లలందరూ పుట్టింటికి వెళ్ళాల్సిందే, ఉయ్యాలలు కట్టి ఊగుతారట. ఈసారి జులై 29న వచ్చింది పండగ. మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్ళలో ఆ వారం పనివాళ్ళు లేరు. పాతవాళ్ళందరికీ తెలుసు, ముందే ఏర్పాటు చేసుకున్నారు, నాలాంటి కొత్తవాళ్ళే గేటు దగ్గర వెర్రి మొహాలేసుకుని నిలబడ్డాం. ఎవరైనా బెంగళూరుకి కొత్తగా వస్తుంటే మీ పనావిడది ఏ ఊరో అడిగి ఆ ఊరి పండగలు క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. మన పండగలు రాసుకుంటే సరిపోదు.

ఆగస్టు 7న వచ్చింది, చేతిలో స్టీలు డబ్బా. శేంగా ఉండలు, అంటే వేరుశెనగ ఉండలు, నువ్వుల ఉండలు. "చెప్పకుండా పోతే ఎలా అక్కా" అని గొంతు పెంచబోయాను, ఆవిడ డబ్బా మూత తీసి పాప చేతిలో ఒక ఉండ పెట్టింది. ఇంకేం అంటాం. జీతంలో పన్నెండు రోజులు కోయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి సగం కోశాను. ఆవిడ లెక్కపెట్టుకుని ఏమీ అనలేదు గానీ ఆ వారమంతా గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువ వినిపించింది.

ఇప్పుడు అసలు మనిషి గురించి. ఆగస్టు 11, సోమవారం. దిగిన రోజు నుంచి లెక్కేస్తే 79వ రోజు. హిందూపురం దగ్గర పల్లె, మొగుడు సెంట్రింగ్ పని, బొమ్మనహళ్ళి వైపు ఒకటే గదిలో ఉంటారు. ఇద్దరు పిల్లలు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర సర్కారు బళ్ళో చదువుతున్నారు. రాయచూరు ఆవిడే తీసుకొచ్చింది, ఏజెన్సీ కాదు, యాప్ కాదు. పొద్దున 8 నుంచి సాయంత్రం 4, వంట, పాప, అత్తయ్యకి కాస్త సాయం. ఆదివారం సెలవు. 18,000 అడిగింది, నేను బేరమాడలేదు. వచ్చిన మొదటి గంటలోనే అత్తయ్య, ఆవిడ వడియాల గురించి మాట్లాడుకుంటుంటే నేను బెడ్‌రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. అలసటకో సంతోషానికో తెలీదు.

బేరమాడనందుకు వారం తిరక్కుండా అక్షింతలు పడ్డాయి. మా బ్లాకు వాట్సాప్ గ్రూపులో ఒకావిడ నన్ను ట్యాగ్ చేసి, ఫారిన్ నుంచి వచ్చినవాళ్ళు రేట్లు పెంచి అందరికీ ఇబ్బంది చేస్తున్నారని రాసింది. ఇదే పనికి ఇక్కడ 15,000 అట. నలభై మంది చూశారు, ముగ్గురు బొటనవేలు పెట్టారు. నేను సారీ అని రాయబోయి చెరిపేశాను. నెలకి 70 వేలు ఇచ్చినదాన్ని 18 చూసి చవకే అనుకున్నాను, అది నిజం, ఆ మాట గ్రూపులో ఎలా రాస్తాం.

హిందూపురం ఆవిడకి బస్సు ఒక సమస్య. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ఆడవాళ్ళకి సర్కారు బస్సు ఫ్రీ కదా, రాయచూరు ఆవిడ ఆధార్ చూపించి జీరో టికెట్‌తో వస్తుంది. ఈవిడ ఆధార్‌లో ఆంధ్రా అడ్రసు, టికెట్ కొనాలి. రానూపోనూ రోజుకి 40 దాకా. అడ్రసు మార్చుకోవచ్చుగా అన్నాను, తెలివైనదాన్ననుకుని. "అట్ల మారిస్తే ఊర్లో బియ్యం కార్డు పోతాదమ్మా, పిల్లోళ్ళకి డబ్బులు పడవు." తల్లికి వందనం డబ్బు జూన్‌లో పడిందట, పిల్లకి 13,000 చొప్పున ఇద్దరికీ. నలభై రూపాయల టికెట్ వెనక ఇంత లెక్క ఉందని నాకు తట్టనే లేదు. బస్సు డబ్బులు నెలకి వెయ్యి విడిగా ఇస్తానన్నాను. ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో కూడా ఫ్రీ బస్సు పెట్టారని నేనే చెప్పాను, నవ్వింది. "ఆడ ఉండేవాళ్ళకి పోనీలేమ్మా, మేం ఈడ ఉంటిమి కదా."

జీతం ఫోన్‌లో వేస్తానంటే వద్దంది, నోట్లే కావాలంది. బ్యాంకు నంబరుకి కట్టిన ఫోన్ మొగుడి దగ్గర ఉంటుంది. ఇంకేం అడగలేదు. ఒకటో తేదీకి ముందు రోజు ఏటీఎమ్‌కి వెళ్ళి వంద నోట్లు, అయిదొందల నోట్లు కలిపి తెస్తున్నా.

ఇక లిఫ్ట్. మా దగ్గర పనివాళ్ళు వెనక సర్వీసు లిఫ్ట్‌లో రావాలి, చెత్త డబ్బాలు, నీళ్ళ క్యాన్లు అందులోనే. ఒకరోజు అది చెడిపోయింది. ఆవిడ పాపని తీసుకుని ముందు లిఫ్ట్ ఎక్కితే ఎవరో దించేశారట. ఆరంతస్తులు ఇద్దరూ నడిచొచ్చారు, ఆవిడ నాకు చెప్పలేదు, పాప చెప్పింది. మేనేజర్‌కి మెయిల్ పెట్టాను, "రూలు మేడమ్, అసోసియేషన్‌లో మాట్లాడండి" అన్నాడు. మాట్లాడలేదు, మీటింగు ఆదివారం పొద్దున పదకొండింటికి, నేను నిద్రపోయాను. పెద్ద న్యాయమూర్తిలా లిఫ్ట్ గురించి రాస్తున్నాను గానీ మా ఇంట్లో ఏం జరిగింది? అత్తయ్య మొదటిరోజే ఒక స్టీలు గ్లాసు, పళ్ళెం తీసి యుటిలిటీలో కిటికీ మీద పెట్టారు, ఆవిడకని. నేను చూశాను. చూసి ఊరుకున్నాను, ఆవిడ వచ్చిన సంతోషంలో అత్తయ్యతో గొడవెందుకని. సెప్టెంబరు మధ్యలో ఒకరోజు మా ఆయన (ఆగస్టు 2న వచ్చేశాడు) ఆ గ్లాసులో కాఫీ పోసుకుని హాల్లో కూర్చుని తాగాడు, తెలిసి చేశాడో తెలియక చేశాడో ఇప్పటికీ చెప్పడు. అత్తయ్య చూశారు, ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఆ గ్లాసు మిగతావాటితో కలిసిపోయింది. పళ్ళెం మాత్రం ఇంకా అక్కడే ఉంది. అది రాయకపోతే నేను అబద్ధం చెప్పినట్టే.

గేటు దగ్గర ఇంకో చిక్కు ఉంది, అందరికీ ఉపయోగపడుతుంది, చెప్తాను. పనివాళ్ళకి మనం ఏదైనా ఇస్తే, పాత చీరైనా మిగిలిన కూరైనా, అపార్ట్‌మెంట్ గేటు యాప్‌లో బయటికి పంపే పాస్ ఇవ్వాలి. నాకు తెలీదు. పాత కుక్కరు ఇచ్చాను. నాలుగింటికి వెళ్ళిన మనిషిని గేటు దగ్గర ఆపారు, నాకు పదకొండు మిస్డ్ కాల్స్, నేను మీటింగులో ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని ఉన్నా. నలభై నిమిషాలు కుక్కరు పట్టుకుని అందరి ముందు నిలబడింది. అప్పట్నుంచి ఏమిచ్చినా తీసుకోదు. "వద్దులే మ్మా, మళ్ళీ ఆ గేటు" అంటుంది.

సెప్టెంబరు 10న 25,000 అడ్వాన్స్ అడిగింది. ఊళ్ళో ఇంటి రేకులు ఎగిరిపోయాయి, అమ్మ పిల్లలతో పక్కింట్లో పడుకుంటోంది. అడ్వాన్స్ ఇస్తే మనిషి తిరిగి రాదు అని కింది తమిళావిడ. అడ్వాన్స్ ఇస్తేనే మనిషి నిలుస్తుంది, ఎక్కడికీ పోదు అని అత్తయ్య. ఆ రెండో మాట నాకు ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది, ఆ పాత పర్మిట్ గుర్తొచ్చి. ఇచ్చాను, నెలకి 2,500 చొప్పున కోసుకునేట్టు. ఒక నోటుబుక్కులో ఇద్దరం సంతకాలు పెట్టాం, ఆవిడది పేరు రాసే సంతకం, పొందిగ్గా ఉంది, నాది కోడి గీరినట్టుంది.

మహాలయ అమావాస్య సెప్టెంబరు 21న. పెద్దలకి పెట్టుకోవాలి, మూడు రోజుల్లో వస్తానని 20న వెళ్ళింది. 24న రాలేదు. 26న రాలేదు. ఫోన్ మోగుతుంది, ఎత్తరు. నాకు ఆఫీసులో నెలాఖరు డెలివరీ, పాపకి జ్వరం, రాయచూరు ఆవిడ రెండు పూటలా రానంది, తమిళావిడ "చెప్పానుగా" అన్నట్టు చూసింది. 27 రాత్రి, దసరా కూడా అయ్యాకే వస్తుందని అర్థమైంది, 25,000 గుర్తొచ్చింది. గేటు యాప్ తెరిస్తే ఆవిడ ఫోటో కింద నక్షత్రాలు. నేను రెండు ఇచ్చాను. "చెప్పకుండా సెలవులు, అడ్వాన్స్ తీసుకుని రాలేదు" అని రాశాను. నిమిషం పట్టలేదు.

అక్టోబరు 4న పొద్దున 8కి బెల్లు. ఆవిడే. రేకులు వేస్తుంటే మొగుడు నిచ్చెన మీద నుంచి పడి మణికట్టు విరిగిందట, ఫోన్ అతనిదే కదా, అది కూడా పగిలింది. నేను మోగుతోందనుకున్నది ఏమిటో మరి, అది ఇప్పటికీ నాకు తేలలేదు. నమ్మానా అంటే సగం నమ్మాను. కట్టు ఫోటో ఆవిడ అన్న ఫోన్‌లో చూపించింది, అడక్కుండానే చూపించింది, అది చూస్తుంటే నాకే ఎలాగో అనిపించింది. ఏదో ఒకటి, పని మొదలైంది, ఇల్లు కుదుటపడింది. నక్షత్రాల సంగతి నేను మర్చిపోయాను.

అక్టోబరు 14న లిఫ్ట్ దగ్గర బి బ్లాకు అమ్మాయి ఒకతె, కన్నడమ్మాయి, నన్ను ఆపి అడిగింది. మీ కుక్ గురించి యాప్‌లో చదివాను, నిజంగా డబ్బు తీసుకుని పారిపోయిందా అని. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఆ ఇంట్లో వంట చేయడానికి మా ఆవిడ నవరాత్రికి ముందే మాట్లాడుకుందట, 7,000కి. అది చదివి వద్దనుకున్నారు. మా ఆవిడకి ఎందుకు వద్దన్నారో తెలీదు. యాప్‌లో తన ఫోటో కింద నక్షత్రాలు ఉంటాయని కూడా తెలీదు, ఆ యాప్ మనకి తప్ప వాళ్ళకి కనపడదు. పైగా ఆవిడకి మొత్తం రేటింగు ఇచ్చినది నేనొక్కదాన్నే, కాబట్టి ఆ రెండే ఆవిడ మార్కులు.

అక్కడికక్కడే మార్చాను, అయిదు ఇచ్చాను, రాసింది తీసేశాను. బి బ్లాకు అమ్మాయికి అంతా చెప్పాను. "అయ్యో, మేం వేరే వాళ్ళని పెట్టుకున్నాం" అంది. నెలకి 7,000. మొగుడు రెండు నెలలు పనికి పోలేడు. నేను ఆవిడకి చెప్పాలా? మా ఆయన చెప్పమన్నాడు, అత్తయ్య నోర్మూసుకోమన్నారు. నాలుగు రోజులు చెప్దామనుకుంటూ చెప్పలేదు. దీపావళి అక్టోబరు 20న. ఇక్కడ పండక్కి ఒక నెల జీతం బోనస్ ఇచ్చే ఇళ్ళు ఉన్నాయి, సగం ఇచ్చేవీ ఉన్నాయి. నాకు రెండు నెలలే అయింది కాబట్టి సగం అనుకున్నదాన్ని పూర్తిగా 18,000 ఇచ్చాను, అడ్వాన్స్‌లో ఇంకా బాకీ ఉన్నది కొట్టేశాను. ఎందుకమ్మా ఇంత అంది. అప్పుడు చెప్పాను.

అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఫోన్ ఇవ్వమని అడిగి తన ఫోటో చూసుకుంది. గేటు దగ్గర తీసిన ఫోటో, కళ్ళు సగం మూసుకుని ఉంది. "ఈ ఫోటో బాగలేదు మ్మా, మార్చేదానికి అవుతాదా?" అంది. మర్నాడు ఆఫీసుకి వెళ్ళేముందు గేటు దగ్గర మేనేజర్ వెంట పడి కొత్త ఫోటో పెట్టించాను. అడ్వాన్స్ కొట్టేసినది మాత్రం ఒప్పుకోలేదు. "అది తీసుకుంటి, ఇచ్చేస్తా, నోటుబుక్కులో రాస్తిమి కదా." నవంబరులో 2,500 కోసుకోమని తనే గుర్తు చేసింది.

అంతా సర్దుకుందని కాదు. ఈ నెలలో మూడు నాగాలు, ఒకదానికే ముందు చెప్పింది. నేను కూడా రెండుసార్లు ఆఫీసు నుంచి లేటుగా వచ్చి ఆవిడని అయిదున్నర దాకా ఉంచేశాను, బస్సు రద్దీలో ఇంటికి చేరేసరికి ఎనిమిది. దానికి లెక్క కట్టి ఇస్తే తీసుకుంది, మొహం మాత్రం మాడ్చుకుంది. కకాకి మెసేజ్ పెట్టాను మొన్న, అయిదేళ్ళలో ఎప్పుడైనా ఏడ్చావా అని అడగలేకపోయాను, పిల్లల ఫోటో పంపి ఊరుకున్నాను. ఒక నవ్వు బొమ్మ పంపింది. సింగపూర్‌లోనే ఇంకో ఇంట్లో ఉందట, అక్కడ ముగ్గురు పిల్లలు.

నిన్న సాయంత్రం చెప్పులేసుకుంటూ మా ఆవిడ, సంక్రాంతికి పోవాలమ్మా, జనవరి 12న పోయి 17కంతా వస్తా అని ఇప్పుడే చెప్పింది. సరే అన్నాను. క్యాలెండర్‌లో 22 అని రాసుకున్నాను.